ఇల్లు నేనే తీసుకెళ్లాను

వెర్లిన్, ఇల్లు కనబడలేదని కంగారుపడకు. చక్రాలున్న ఇల్లేగా, టైర్లు మార్పించడానికి టౌన్‌కి నేనే నడుపుకుపోతున్నాను. నీ శాండ్‌విచ్ బయటి బల్ల కింద ఐసు పెట్టెలో ఉంది. క్యాంపు బాత్‌రూములు పన్నెండులోపు కడిగెయ్యి, ఈవేళ డ్యూటీ వంతు నీదే.

నాలుగింటికి వస్తాను. మన చోట్లోకి రివర్స్ చేసేటప్పుడు వెనక నిలబడి చెయ్యి ఊపు. నిన్న ఏడో నంబరు చోట్లో దిగినావిడ తన బండి రివర్స్ చేస్తూ కరెంటు స్తంభాన్ని రెండుసార్లు గుద్దినా, "తొందరేం లేదండీ, భలే తిప్పుతున్నారు" అన్నావు. పోయినసారి నేను స్తంభం దరిదాపులకైనా పోకముందే, "కళ్లు పోయాయా?" అని క్యాంపంతా వినేలా అరిచావు. ఈ ఒక్కరోజుకీ నన్ను కూడా డబ్బు కట్టి దిగే అతిథిననుకో.

డార్లా

చెప్పడం మరిచాను. అరిచావంటే రివర్స్ చెయ్యను. ముందుకు నడపడం నాకు బాగానే వచ్చు, టైర్లు కూడా కొత్తవి.