రెండువందల పన్నెండు కమిట్లు

మార్చి 3, సోమవారం

ఇవాళ ల్యాబ్‌లో మళ్ళీ గొడవ. ఒకావిడ పైపళ్ళ సెట్టుకి ఇంకెవరిదో కిందిపళ్ళ సెట్టు జతచేసి క్లినిక్‌కి పంపేశాం. ఆవిడ పెట్టుకుని నోరు మూయబోతే మూతపడలేదట. ఓనరు మాత్రం నోరు మూయకుండా గంటసేపు నన్ను తిట్టాడు. కట్టుడు పళ్ళు చేయడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది, తిట్లు నాకేం కొత్త కాదు.

ఇంటికొచ్చి వదినకి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపి, ఒసేయ్ బుజ్జీ, మన ప్రాజెక్టు ఇదేనే, ఏ పైసెట్టుకి ఏ కిందిసెట్టో కంప్యూటరే చెప్పాలి అంది.

ఏడు నెలలుగా ఇద్దరం ఆన్‌లైన్లో కోడింగ్ నేర్చుకుంటున్నాం. నాది డెంటల్ టెక్నీషియన్ డిప్లొమా. తనది బోటనీ. స్కూల్లో తన కాంట్రాక్టు అయిపోయింది, నాకు ఓపిక అయిపోయింది. ఇద్దరికీ కలిపి అన్నయ్య పాత ల్యాప్‌టాప్ ఒకటే. వదినా ఆడపడుచులు ఒకే ఇంట్లో కొట్టుకోకుండా ఉండటమే వింత, మీరు ఒకే కీబోర్డు మీద ఎలా ఉంటున్నారే అని అన్నయ్య ఏడిపిస్తాడు.

మార్చి 19, బుధవారం

వదిన సాధించింది. రెండు వారాలుగా నేను జుట్టు పీక్కుంటున్న భాగం. ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లు వస్తే నా కోడు తికమకపడేది. నేను టీ పెట్టి తెచ్చేలోపు తను పేరు సంగతే వదిలేసి, దవడ కొలతల్ని బట్టి జతచేసేలా రాసిపారేసింది. స్క్రీన్ మీద జతలన్నీ సరిగ్గా కుదిరాయి. టీ చల్లారిపోయింది.

నాకు కాస్త కుళ్ళుగా అనిపించింది. డైరీలో కాబట్టి రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ముప్పై ఒక్క కంపెనీలకి ప్రాజెక్టు జతచేసి దరఖాస్తులు పంపాం. ఒక్క జవాబు లేదు.

మే 16, శుక్రవారం

ఒక కంపెనీ పిలిచింది! పంటి ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు. ఉన్నది ఒకే పోస్టు. నువ్వే వెళ్ళు, పళ్ళ గురించి అడిగితే నేనేం చెప్తాను, మొక్కల గురించి చెప్పనా అంది వదిన. నేను వద్దనలేదు. వద్దని ఒక్కసారైనా అనాల్సింది.

మే 20, మంగళవారం

ఇంటర్వ్యూ చేసింది ఎండాకాలంలో స్వెట్టరు వేసుకున్న టీమ్ లీడ్. ఏసీ పడదట. ఇకమీదట ఇతన్ని స్వెట్టరు అనే రాస్తాను.

డిగ్రీ ఊసెత్తలేదు. మా ప్రాజెక్టు తెరిచి, జతచేసే భాగం దగ్గర ఆగాడు. ఎలా పనిచేస్తుందో చెప్పమన్నాడు. నిన్న వదిన మూడుసార్లు చదివించింది కాబట్టి తడుముకోకుండా చెప్పాను. ఇది మీరే రాశారా అన్నాడు.

అవునండీ అన్నాను.

ఇంటి గుమ్మంలోనే వదిన అడిగింది, ఆ భాగం అడిగారా అని. అడగలేదన్నాను. పాపం, చిన్నబుచ్చుకుంది. అంత కష్టపడి రాస్తే చూడనైనా చూడలేదా అనుకుని ఉంటుంది.

మే 23, శుక్రవారం

వచ్చింది! ఉద్యోగం వచ్చింది! ఆఫీసు, కుర్చీ, నా పేరుతో మెడలో కార్డు! వదిన నన్ను ఎత్తి తిప్పబోయి సోఫా మీద పడేసింది.

జూన్ 24, మంగళవారం

నేను బాగానే చేస్తున్నాను. ఇది కూడా రాసుకోవాలి. స్వెట్టరు ఇవాళ అందరి ముందూ మెచ్చుకున్నాడు. నాకు రానిది లేదని కాదు, వచ్చినదీ ఉంది. టీమ్‌లో ఇంకో పోస్టు పడుతుందట. వదిన పేరు నేనే ఇచ్చాను. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళొచ్చు. లెక్క సరిపోతుంది.

జూలై 9, బుధవారం

వదిన ఇంటర్వ్యూ నుంచి వచ్చింది. ఉద్యోగం రాలేదే అంది. తలనొప్పిగా ఉందని పడుకుంది.

జూలై 10, గురువారం

స్వెట్టరు పొద్దున్నే పిలిచాడు. టెస్టులో మీ వదినగారికి అందరికంటే ఎక్కువొచ్చింది, కానీ ఒక ఇబ్బంది అన్నాడు. తను కూడా అదే ప్రాజెక్టు చూపించిందట. జతచేసే భాగం తనదే అందట. ఇతను రికార్డు తెరిచి చూశాడు. కోడు రాసి భద్రం చేసిన ప్రతిసారీ, అంటే కమిట్ కొట్టిన ప్రతిసారీ, రాసినవాళ్ళ పేరు పడుతుంది. మొత్తం రెండువందల పన్నెండు. రెండువందల పన్నెండూ నా పేరు మీదే.

ఎందుకు పడవు? మొదటివారం ల్యాప్‌టాప్‌లో నా పేరు పెట్టాం. ఎవరు టైపు చేస్తే వాళ్ళ పేరు మార్చుకోవాలని మాకు తట్టనే లేదు. కాలేజీలో చదివినవాళ్ళు నవ్వుతారు. మాకు చెప్పేవాళ్ళెవరు? డిగ్రీ లేనివాళ్ళకి ఆ రికార్డే సర్టిఫికెట్ అని కోర్సులో చెప్పారు. అందులో పేరు ఎలా పడుతుందో మాత్రం మేం వినలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నేనే రాశానని మీరు నాతో అన్నారు కదా, ఆ మాటే ఆవిడకి చెప్పాను అన్నాడు స్వెట్టరు.  అది వినగానే వదిన, నేనే పొరపాటు పడ్డానండీ అని లేచి వచ్చేసిందట.

నా ఉద్యోగం పోకూడదని. దానికి వేరే అర్థం లేదు.

బంధువులైనా ఇలాంటివాళ్ళని ఇకపై సిఫార్సు చేయకండి అన్నాడు. నేను తలూపాను. నోరు పెగల్లేదు అని రాయబోయాను. అబద్ధం. నోరు పెగిలేదే. నేనే తెరవలేదు.

జూలై 13, ఆదివారం

వదిన బట్టలు మడతపెడుతోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏ మొహం పెట్టుకుని మొదలుపెట్టాలో తెలియక నేనూ ఒక దుప్పటి అందుకున్నాను. రెండో అంచు తను పట్టుకుంది. మడత అయ్యాక, అడగలేదన్నావుగా అంది.

అంతే. అరవలేదు. ఏడ్చింది నేను. ఏడవకు, రేపు ఆఫీసుంది కదా అంది.

బుజ్జీ అనలేదు.

జూలై 19, శనివారం

కంపెనీకి మెయిల్ రాశాను. డ్రాఫ్ట్‌లో ఉంది.

జూలై 24, గురువారం

ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. కామాలు దిద్దుతున్నాను. పంపితే నా పని అయిపోయినట్టే. మళ్ళీ ఆ ల్యాబ్, ఆ మైనం వాసన తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఇంత ఆశ నాకుందని నాకే తెలియదు.

వదిన ఇంట్లో మామూలుగానే ఉంటుంది. అడిగితే జవాబు చెప్తుంది. ల్యాప్‌టాప్ మూతమీద దుమ్ము పడుతోంది. ఇదివరకు సాయంత్రం అయితే ఇద్దరం భుజాలు రాసుకుంటూ దానిముందు కూర్చునేవాళ్ళం. నాకు ఆమె కావాలి. ఉద్యోగమూ కావాలి. రెండూ కావాలనుకునేదాన్ని ఏమంటారో నాకు తెలుసు.

జూలై 28, సోమవారం, ఉదయం 9:10

పంపాను. ఆ భాగం మా వదిన రాసింది, నేను రాశానని అబద్ధం చెప్పాను, ఆవిడ నన్ను కాపాడటానికి పొరపాటు పడ్డానంది. మూడే ముక్కలు. తొమ్మిది రోజులు పట్టింది.

11:40

స్వెట్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. మీ పని మీద నాకు ఫిర్యాదు లేదు, మీ మాట మీదే ఉంది అన్నాడు. కార్డు బల్లమీద పెట్టి వచ్చేశాను.

సాయంత్రం

వదినకి మెయిల్ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. మెచ్చుకుంటుందని కాదు, కనీసం పిచ్చిదానా అని ఒక్క దెబ్బ వేస్తుందనుకున్నాను. ఫోను నా చేతిలో పెట్టి, ఇది ఆ రోజు గదిలో నువ్వు తలూపకముందు చెప్పాల్సింది అంది.

తలూపిన సంగతి తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తనకి నేను తెలుసు.

ఆగస్టు 4, సోమవారం

ల్యాబ్ ఓనరు మళ్ళీ తీసుకున్నాడు. పాత స్టూలే.

ఆగస్టు 14, గురువారం

వదినని ఆ కంపెనీ మళ్ళీ పిలిచింది. పొద్దున్న గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. బాగా చెయ్యి అందామనుకున్నాను. ఆ మాట అనే హక్కు ఎక్కడ పారేసుకున్నానో గుర్తొచ్చింది. వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు వదినా అన్నాను. సరేనండీ అంది.

ఆ 'అండీ' విని అన్నయ్య నవ్వాడు, ఏదో ఆట అనుకుని. నేనూ నవ్వాను. ల్యాబ్‌లో పదకొండింటిదాకా మైనంలో ఒక్క పన్నూ నిలబడలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

వదినకి ఉద్యోగం వచ్చిందట. అన్నయ్య చెప్పాడు.