నీళ్ల మిస్త్రీ

కామాఠిపుర, బొంబాయి
8-6-1986

ప్రియమైన తమ్ముడు యాదయ్యకు,

అన్న భూమయ్య దీవించి రాసేది. మేం బాగానే ఉన్నాం అని రాయడం అలవాటు కనుక రాస్తున్నాను. మీ వదిన శాంతాబాయికి మోకాళ్లు పట్టేశాయి. మిల్లు గేటు మూతపడి నాలుగేళ్లు దాటింది, ఇక తెరవరు. ఆ ఆశ నేను వదిలేశాను, మా చాళ్ గదుల్లో ఉండే ముసలాళ్లు ఇంకా వదల్లేదు.

ఫోరస్ రోడ్డు మీద బక్కయ్య సేఠ్ వీడియో గేమ్ దుకాణంలో పనికి కుదిరాను. రేకుల కప్పు కింద ఒక గది. చెక్క బీరువాలో టీవీ, దాని కింద మీటలు, లోపల ఆటలాడించే కంప్యూటర్ పలక. నాణెం వేస్తే తెర మీద విమానాలు వస్తాయి, జనం వాటిని కాల్చి కాల్చి ఓడిపోయి ఇంటికి పోతారు. చిల్లర ఇవ్వడం, అద్దం తుడవడం నా పని. పద్నాలుగేళ్లు మిల్లులో నూలు తెగకుండా గాలికి తడి పట్టించే విభాగంలో, మిల్లు మాటలో ఖాతాలో, పంపులూ గొట్టాలూ చూసినవాణ్ని. అక్కడ నన్ను మిస్త్రీ అనేవాళ్లు. ఇక్కడ ‘ఏ చిల్లర్’ అంటున్నారు.

అసలు సంగతి ఇది. గంటసేపు ఆడితే పలక మీదున్న పెద్ద చిప్పు వేలు పెట్టలేనంత కాలుతుంది. బొమ్మలు గీతలైపోయి ఆట ఆగిపోతుంది. జనం తిట్టి వెళ్లిపోతారు. ఫ్యాను పెట్టి చూశాం. రేకుల కింద గాలే వేడి, ఫ్యాను ఆ వేడినే తిప్పి కొడుతోంది. దీనికి గాలి పనికిరాదు, నీళ్లు కావాలని నాకు తోచింది. చిప్పు మీద రాగి పెట్టె ఒకటి కూర్చోబెట్టి, దాని గుండా నీళ్లు పారించి, ఆ వేడెక్కిన నీళ్లను బయట చల్లార్చి మళ్లీ లోపలికి పంపాలి. అవే నీళ్లు తిరుగుతూ ఉండాలి, బొట్టు కూడా కారకూడదు.

సేఠ్‌తో చెబితే ముందు నవ్వాడు. “కరెంటుల నీళ్లు పోస్తవా భూమన్నా? నీకు దిమాక్ ఖరాబైందా?” అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, “దసరా దాంక చూస్త. దినమంతా ఆగకుంట నడిపియ్, నా మూడు దుకాన్లకు నువ్వే మిస్త్రీ. నడ్వకపోతే మిషన్ అమ్మి ఖోలీకి తాళమేస్త, నీ తొవ్వ నువ్వు చూస్కో” అన్నాడు.

నేను ఇంత చిన్న పని ఎప్పుడూ చేయలేదు. మా ఖాతాలో అన్నీ ఏనుగులంత పంపులు. నువ్వు షార్జాలో మూడేళ్లుగా ఏసీ మెకానిక్‌వి. ఏ నీళ్లు పోయాలి, చిప్పుకూ రాగికీ మధ్య ఏం పూయాలి, రాసి పంపు.

నీ అన్న,
భూమయ్య


షార్జా
1-7-1986

ప్రియమైన అన్నకు, వదినకు,

తమ్ముడు యాదయ్య నమస్కారాలు. నీ ఉత్తరం పదిహేను రోజులకు చేరింది. చదివి నవ్వుకున్నాను, తర్వాత గర్వపడ్డాను. నువ్వు ఖాళీగా కూర్చోగల మనిషివి కాదని వదిన ఎప్పుడూ అనేది.

నల్లా నీళ్లు పోయొద్దు. వాటిలో సున్నం ఉంటుంది, రాగికి పొలుసు కడుతుంది. ట్యాక్సీ గ్యారేజీలో బ్యాటరీలకు పోసే నీళ్లు తెచ్చుకో. చిప్పుకూ రాగికీ మధ్య తెల్ల గ్రీజు పల్చగా, కాగితమంత మందాన పూయి. ఎక్కువైతే అదే దుప్పటి అవుతుంది. మా క్యాంపులో ఉన్న మలయాళీ మెకానిక్ కూడా ఇదే మాట అన్నాడు.

ఇక్కడ ఎండ సంగతి అడగొద్దు. నాకేం, మిషన్ల దగ్గరే కదా ఉంటాను. వదిన ఆరోగ్యం జాగ్రత్త.

మీ తమ్ముడు,
యాదయ్య


కామాఠిపుర
27-7-1986

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం మీ వదినకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి పక్క ఖోలీ వజ్రమ్మనూ పిలిచింది. “మా యాదయ్య ఎంత తెలివిగల్లోడో సూడు, గీడి మిషన్ ఖరాబైతే గాడికెల్లి మందు చెప్తుండు” అని ఆమెకు చెప్పింది. గోడ మీది నీ ఫోటో, అదే, ఏసీ మిషన్ పక్కన పానా పట్టుకుని నిలబడ్డది, దాన్ని కొంగుతో తుడిచింది.

పని చాలావరకు అయింది. రాగి బిందెలు చేసే ముత్తయ్య పెట్టె చేసిచ్చాడు. అగ్గిపెట్టెకు రెండింతలుంటుంది, నీళ్లు ఎక్కువ వేడి పట్టుకునేలా లోపల దువ్వెన పళ్లలాగా సన్నటి రేకులు. మొదట మూడుచోట్ల కారింది. బకెట్లో ముంచి నోటితో ఊది, బుడగ వచ్చిన చోటల్లా గుర్తు పెట్టుకుని మళ్లీ అతికించాం. తుక్కుకు పోయిన ట్యాక్సీ రేడియేటర్ ఒకటి దొరికింది. నీళ్లు తోడటానికి కూలర్లోంచి తీసిన చిన్న మోటారు, నీళ్లు నిలవడానికి నూనె డబ్బా ఒకటి. గొట్టం కోసం ఊరంతా తిరిగాను. చివరికి అటక మీద నాయన మట్టం గొట్టం కనిపించింది. గుర్తుందా? గోడలు కట్టేటప్పుడు అందులో నీళ్లు నింపి, ఒక కొస నాయన పట్టుకుని ఇంకో కొస నీ చేతికిచ్చి, “కదలకుర, నీళ్లు అబద్ధం చెప్పవు” అనేవాడు. ఆ తెల్ల గొట్టమే. కోయడానికి చేతులు రాలేదు, కానీ కోశాను.

ఒక్క అనుమానం. మోటారు ముందర సన్నటి జాలీ పెట్టాను, చెత్త లోపలికి పోకుండా. మోటారు చిన్నది కదా, జాలీ ఉంటే నీళ్ల వేగం సగానికి పడుతోంది, చిప్పు చల్లారడం లేదు. తీసేస్తే వేగం బాగుంది. మిల్లులో అయితే జాలీ లేకుండా పంపు తిప్పితే కాళ్లు విరగ్గొట్టేవాళ్లు. ఇక్కడ ఏం చేయమంటావు? త్వరగా రాయి.

నీ అన్న,
భూమయ్య


షార్జా
12-8-1986

ప్రియమైన అన్నకు,

జాలీ అక్కర్లేదు, తీసేయ్. బ్యాటరీ నీళ్లలో చెత్త ఎక్కడిది? లోపల తిరిగేవి అవే నీళ్లు కదా. మేం ఇక్కడ ఎక్కడా పెట్టం. ధైర్యంగా నడిపించు.

పనిలో తీరిక లేదు, అందుకే చిన్న ఉత్తరం.

నీ తమ్ముడు,
యాదయ్య


కామాఠిపుర
14-9-1986

ప్రియమైన తమ్ముడికి,

నడుస్తోందిరా!

నీ మాట మీద జాలీ తీసేశాను. నా చేతికి ఇష్టం లేదు, కానీ తెలిసినవాడు చెప్పాక వినాలి. రెండు లీటర్ల నీళ్లు పోసి మోటారు వేశాను. నాయన గొట్టంలో బుడగలు ఒక్కొక్కటే పైకి పోయి, నీళ్లు అద్దంలా తిరగడం మొదలుపెట్టాయి. పొద్దున పదింటికి మొదలుపెట్టిన ఆట సాయంత్రం దాకా ఒక్కసారి ఆగలేదు. చిప్పు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంది. బక్కయ్య సేఠ్ తన చెయ్యి కూడా పెట్టి చూశాడు. “అరే మిస్త్రీ!” అన్నాడు. నాలుగేళ్లయింది ఆ మాట విని. రేడియేటర్ తుడుస్తున్నట్టు అటు తిరిగి కాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు గల్లీలో నన్ను నీళ్ల మిస్త్రీ అంటున్నారు. గ్రాంట్ రోడ్ నుంచి కూడా చూడటానికి వస్తున్నారు, ఆట చూడటానికి కాదు, బీరువా వెనక నీళ్లు తిరగడం చూడటానికి. దసరా అయ్యాక మిగతా రెండు దుకాణాలకూ చేయమన్నాడు సేఠ్. ఈసారి దసరా ముందు రోజు, ఖండే నవమి ఆయుధపూజ నాడు మిల్లులో చేసినట్టే మిషన్‌కు పూజ చేస్తాను. నాలుగేళ్లుగా పూజ చేయడానికి నాకొక మిషన్ లేదు.

ఇట్లు,
నీ అన్న
భూమయ్య మిస్త్రీ


కామాఠిపుర
25-10-1986

ప్రియమైన తమ్ముడికి,

నీ జవాబు ఇంకా రాలేదు, అయినా రాస్తున్నాను.

మిషన్ పోయింది. దసరా అయిన రెండో రోజు నేను చిల్లర ఇస్తుండగా బీరువాలోంచి కాలిన వాసన వచ్చింది. తెర తెల్లబడి ఆరిపోయింది. తెరిచి చూస్తే మోటారు తిరుగుతోంది, గొట్టంలో మాత్రం నీళ్లు కదలడం లేదు. రాగి పెట్టెలో ఏదో అడ్డుపడింది. నీళ్లు ఆగిపోయి చిప్పు మాడిపోయింది. పలకంతా నల్లబడింది. అలాంటి పలక మళ్లీ బొంబాయిలో దొరకదట.

బక్కయ్య సేఠ్ తిట్టి ఉంటే బాగుండేది. “ఇగ నీ నీళ్ల పని బంద్ చెయ్ భూమన్నా, ఇంటికి పో” అన్నాడంతే. మిస్త్రీ పోయి మళ్లీ భూమన్న వచ్చాడు. మర్నాటికి గదికి తాళం పడింది.

జాలీ ఉండి ఉంటే ఏమయ్యేదో అని ఒక్కోసారి అనిపిస్తుంది. పోనీలే, నువ్వు తెలిసే చెప్పి ఉంటావు.

ఒకటి అడుగుతాను, కాదనకు. మీ ఫోర్మన్‌తో మాట్లాడి నన్ను అక్కడికి పిలిపించు. నీ కింద హెల్పర్‌గా చేస్తాను. తమ్ముడి కింద అన్న పనిచేయడం నాకు నామోషీ కాదు. నలభై రెండేళ్లవాణ్ని, ఇంకో పదేళ్లు పానా పట్టగలను. ఇక్కడ నాకు దారి లేదు. మీ వదిన అప్పుడే నా బట్టలు ఏ సంచిలో సర్దాలో ఆలోచిస్తోంది.

నీ అన్న,
భూమయ్య


షార్జా
16-11-1986

ప్రియమైన అన్నకు,

ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించకు. ముందు నువ్వొక్కడివే చదువు.

నేను ఏసీ మెకానిక్‌ను కాను. ఏనాడూ కాలేదు. ఏసీ పని అని చెప్పి ఏజెంటు పంపాడు. ఇక్కడ దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకుని చేతిలో రబ్బరు పైపు పెట్టారు. రోడ్డు మధ్య ఖర్జూర మొక్కలకు నీళ్లు పట్టడం నా పని. మూడేళ్లుగా అదే. పొద్దున ఆరు నుంచి ఎండలో ఒక మొక్క దగ్గర్నుంచి ఇంకో మొక్క దగ్గరికి. ఆ ఫోటో మలయాళీ మెకానిక్ తీశాడు. మిషన్ అతనిది, పానా అతనిది. చొక్కా ఒక్కటే నాది.

నీ మొదటి ఉత్తరానికి జవాబు అతన్ని అడిగి రాశాను. జాలీ సంగతి అడిగేసరికి అతను సెలవు మీద ఊరికి పోయాడు. తెలియదని రాయలేకపోయాను. నువ్వు నన్ను అడిగావన్న సంబరంలో నోటికి వచ్చింది రాసేశాను. నీ మిషన్‌ను చంపింది నేను. నీకు మళ్లీ దొరికిన పేరును చంపింది నేను. ఫోర్మన్‌తో మాట్లాడమన్నావు. ఆయనకు నా పేరు కూడా తెలియదన్నా, నంబరు పెట్టి పిలుస్తాడు.

ఒప్పందం ఇంకో రెండేళ్లుంది. ఆ తర్వాత కూడా నేను అక్కడికి ఏ మొహం పెట్టుకుని వస్తాను? నన్ను మరిచిపో. వదినకు ఏం చెబుతావో నీ ఇష్టం.

యాదయ్య


కామాఠిపుర
7-12-1986

ప్రియమైన తమ్ముడు యాదయ్యకు,

నువ్వు చెప్పేశావు కనుక నేనూ చెప్పాలి. మిషన్‌ను చంపింది నువ్వు కాదు, నేను.

ఖండే నవమి నాడు మా ఖాతాలో ఒక పద్ధతి ఉండేది. మిషన్లకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాక, అందరికంటే పాత మిస్త్రీ నీళ్ల తొట్టిలో గుప్పెడు పసుపు వేసేవాడు. తొట్టి అంటే మా చాళ్ గదంత తొట్టి. పసుపు ఎటు పోయేదో కూడా తెలిసేది కాదు. చివరి ఆరేళ్లు ఆ పసుపు వేసింది నేనే. ఈసారి మీ వదిన పసుపు మెత్తగా దంచి, జల్లించి, పొట్లం కట్టి ఇచ్చింది. నేను మొక్కుకుని నూనె డబ్బాలో గుప్పెడు వేశాను. రెండు లీటర్ల నీళ్లలో గుప్పెడు పసుపు! చెయ్యి దానంతటదే వేసింది. వేశాక నీళ్లు పచ్చగా తిరుగుతుంటే చూసి సంతోషపడ్డాను కూడా, ఎంత వెర్రివాణ్నో చూడు. మూడు రోజులకు పెట్టె విప్పితే ఆ దువ్వెన పళ్ల మధ్యంతా పసుపు ముద్ద. సేఠ్ చూడకముందే వేలితో తీసేశాను.

అది నీకు రాయకుండా దాచి, జాలీ ఉండి ఉంటే అని ఒక మాట రాశాను. ఎందుకు రాశానో నాకు తెలుసు. తప్పులో సగం నీ మీదికి తోస్తే నాకు నిద్రపడుతుందని. పట్టలేదు. నీ ఉత్తరం వచ్చాక అదే జాలీ తీసుకుని, గ్లాసు నీళ్లలో పసుపు కలిపి పోసి చూశాను. ఎంత పచ్చగా పోశానో అంత పచ్చగానే కిందికి దిగింది. జాలీ ఉన్నా ఆగేది కాదు. కనుక ఆ బరువు నువ్వు మోయకు.

నేనిప్పుడు పొద్దున్నే రోజు కూలీలు పనికోసం ఎదురుచూసే నాకా మీద నిలబడుతున్నాను, పాలమూరు కూలీలతో పాటు. వర్లిలో ఒక బిల్డింగు దగ్గర ఇసుక మోస్తున్నాను. నాయన ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడికే వచ్చాను. మట్టం గొట్టం మేస్త్రీకి ఇస్తే పనికొస్తుందని కోసిన ముక్కల్లో పొడుగుది తీసుకెళ్లాను. పసుపు మరక ఎన్నిసార్లు కడిగినా పోలేదు. “లోపట నీళ్లు కనవడ్తలెవ్వు, ఏం జేస్కోవాలె?” అని తిరిగిచ్చేశాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ వదిన చదవమని ఎదురుగా కూర్చుంది. వజ్రమ్మనూ పిలిచింది. కాగితం పట్టుకుని, అందులో లేనిది చదివాను. ఫోర్మన్ మంచివాడేనట, ఇప్పుడు ఖాళీలు లేవట, యాదయ్యకు పని ఎక్కువైందట అని. పసుపు సంగతి ఆమెకు చెప్పలేదు, దంచింది తన చేతులే అని కుమిలిపోతుంది. నీ సంగతీ చెప్పలేదు. ఫోటో గోడ మీదే ఉంది. ఇకనుంచి ఇంట్లో అబద్ధం నా వంతు. నువ్వు మాత్రం నాకు నిజమే రాయి, వినిపించేది నేను చూసుకుంటాను. రెండేళ్లయ్యాక ఏ మొహం ఉంటే ఆ మొహంతోనే రా. ఇక్కడ మాకు మాత్రం ఏం మిగిలిందని నువ్వు సిగ్గుపడటం?

చదవడం అయ్యాక మీ వదిన నా బట్టల కోసం తీసిపెట్టిన సంచిని మడిచి పక్కన పెట్టింది. నా ప్రయాణం లేదని బాధపడుతోందనుకున్నాను. తర్వాత, “పోనీ తియ్యి. మన పోరడన్న మిషన్ కాడ సల్లగుంటడు” అంది.

తమ్ముడూ, నీ చేతిలో రోజంతా నీళ్ల పైపు ఉంటుంది కదా. గంటకోసారి తువ్వాలు తడిపి తలకు చుట్టుకో. ఆరిపోగానే మళ్లీ తడుపు. చల్లబరచడం గురించి నాకు ఇంక తెలిసింది అదొక్కటే.

నీ అన్న,
భూమయ్య