పిలిస్తే పలకడం

అక్కా,

ఫోన్లో చెబుదామంటే పక్కనే ఆయన ఉంటారు, అందుకే రాస్తున్నాను. చిన్నాడిని పద్దెనిమిదో నెల టీకాకి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ సూది వేసేముందు వాడితో కాసేపు ఆడింది. "ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపిస్తాడా అమ్మా?" అని అడిగింది.

"చూపించడం ఎందుకండీ, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దానిమీదే పెడతాడు. నేనంటే అంత ప్రాణం వాడికి" అన్నాను మురిసిపోతూ.

ఆవిడ నవ్వలేదు. వెనకనుంచి వాడిని పేరు పెట్టి పిలిచింది. వాడు కుర్చీ చక్రం తిప్పుకుంటూనే ఉన్నాడు. నేను పలకబోతే, "మీరు కాదమ్మా, వాడు పలకాలి" అని మళ్ళీ పిలిచింది.

వేలు పెట్టి చూపించకపోవడం, పిలిస్తే పలకకపోవడం ఆటిజం గుర్తులు కావచ్చట. ఉందో లేదో అప్పుడే చెప్పలేరట, ఇంకా పెద్ద పరీక్ష చెయ్యాలట. ఈ వయసులోనే తెలిస్తే నేర్పించడం కాస్త సులువట. ఆయనేమో, "నేనూ ఆలస్యంగానే మాట్లాడాను. ఇంట్లో ఇంక ఆ మాట ఎత్తకు" అన్నారు. ఎత్తడం లేదు. వాడు నా చెయ్యి పట్టుకున్నప్పుడల్లా, ఒక్కసారి నా మొహంవైపు కూడా చూస్తాడేమోనని ఎదురుచూస్తున్నాను.

వచ్చే గురువారమే ఆ పరీక్ష. ఆయనకి చెప్పలేదు. నువ్వు తోడు రావాలి. బొమ్మలేం తేవద్దు. గుమ్మంలోంచే నన్ను పేరు పెట్టి గట్టిగా పిలువు. పిలిస్తే ఎలా పలకాలో వాడు చూస్తాడు. నన్నూ ఎవరైనా పేరుతో పిలిచి చాలా రోజులైంది.

నీ చెల్లి