జాబితాలో లేని హస్తవాసి

మంగళవారం, 1999. మాదాపూర్.

అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేసే ఆఫీసు మాది. ఇవాళ అక్కడి ఒక కంటి డాక్టరు పేరు సరిచూసుకోడానికి, అమెరికా ప్రభుత్వం అందరికీ తెరిచిపెట్టిన డాక్టర్ల జాబితాలో వెతికాను. పేరు, ఊరు, చేసే వైద్యం అన్నీ దొరికాయి. ఊడ్వడానికి వచ్చిన యాదమ్మ తెరకేసి చూసి, "గాయన హస్తవాసి మంచిదేనా బిడ్డా? గది రాసిన్రా అండ్ల?" అంది.

నవ్వాను గానీ నాయనమ్మ గుర్తొచ్చింది. నాకు జ్వరమొస్తే బస్సులో పక్క సీటావిడను కూడా "ఏ డాక్టరు హస్తవాసి మంచిదమ్మా?" అని అడిగేది. నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగేదాన్ని.

అమ్మ కంటి ఆపరేషన్ ఎవరితో చేయించాలో ఇంకా తేలలేదు. ఇక్కడి డాక్టర్లకు అలాంటి జాబితా లేదు. యాదమ్మకు పోయినేడే ఆ ఆపరేషన్ అయింది. కంప్యూటర్ ఆపేసి, వెళ్లిపోతున్న ఆమెను పిలిచాను.

"నీకు చేసినాయన హస్తవాసి ఎట్లాంటిది యాదమ్మా?"

అచ్చం నాయనమ్మ గొంతే. ఈసారి సిగ్గేయలేదు.