పై పోర్షన్‌లో ఆర్గాన్

అమీర్‌పేట, జూన్ 2000

పై పోర్షన్ విజయరాణి మేడంకు, కింద దుకాణంల టైలరు, మీ ఇంటి ఓనరు ఓదెలు నమస్కారం.

ఎదురుపడి చెప్తే నా గొంతు లేస్తది, అందుకే ఉత్తరం. మీరు వాయించే ఆర్గాన్ పాటతోని మస్తు పరేషాన్ అయితున్న. మీ రూము జావా కంప్యూటరు కోచింగోళ్లు అడుగుతున్నరు. జర ఆలోచించుండ్రి.

ఇట్లు
ఓదెలు

తా.క.: మీ జాకెట్టు తయారైంది.

*

గౌరవనీయులైన ఓదెలు గారికి వందనాలు.

చప్పుడు మీకు ఇబ్బందని తెలియలేదు, క్షమించండి. ఇకపై సగం పాటే వాయిస్తాను, కిటికీలూ మూస్తాను. గది మాత్రం ఖాళీ చేయించకండి. పంజాగుట్ట అంతా తిరిగాను. ఆర్గాన్ అనగానే తలుపులేసుకుంటున్నారు.

మీ
విజయరాణి

తా.క.: నేను వాయిస్తుంటే కింది నుంచి ఎవరో తాళం వేస్తున్నారు. లయ కొంచెం తప్పుతోందని చెప్పండి.

*

మేడంకు,

అది తాళం కాదు, పాట ఆపొద్దని నేను సీలింగు కొడుతున్న! చప్పుడని నేనెప్పుడన్న? పాట రోజూ అదే కాడ ఆపుతరు. ఆఖరుకు ఏం వస్తదోనని ఆలోచించుకుంట మొన్న పెళ్లికొడుకు సూటుకు ఒక చెయ్యి పొట్టిగ కోసిన. ఇప్పుడు సగంలనే ఆపవడితిరి! ఇంకెన్నేండ్లు ప్రాక్టీసు? మన గల్లీల జావా సుత మూడు నెలల్ల అయిపోతది. ఆదివారంలోపల పాట పూర్తి చేయుండ్రి, లేకుంటే రూము కోచింగోళ్లకే.

ఓదెలు

తా.క.: సీలింగుకు కొట్టి కొట్టి నా లైనింగు గుడ్డ చుట్టే గొట్టం సొట్టవోయింది. జిమ్మేదారు ఎవరు?

*

ఓదెలు గారికి,

పూర్తి చేయాలని నాకు లేదా ఏంటి? మా నాన్న ఆనందం గారు గుంటూరులో చర్చి ఆర్గాన్ వాయించేవారు. ఆ చర్చి ఆదివారమే తీసేవారు. మిగతా రోజుల్లో ప్రాక్టీసుకని పాత బెంచీల చెక్కతో, జింకు రేకు గొట్టాలతో ఈ చిన్న ఆర్గాన్‌ని ఇంట్లోనే కట్టుకున్నారు. నాకు నేర్పిందీ దీనిమీదే. మీ ఇంట్లో దిగిన రోజు ఒక గొట్టం ఎక్కడో పోయింది. పాట చివర ఒక్కసారే వచ్చే స్వరం దానిది. అక్కడికి రాగానే గాలి బుస్సుమంటుంది, ఆపేస్తాను. మళ్లీ చేసివ్వడానికి నాన్నగారు లేరు. రోజూ అక్కడ ఏడుపొస్తుంది.

విజయరాణి

తా.క.: గొట్టం కింది భాగంలో నోరులాంటి చీలిక ఉంటుంది. సామాను తెచ్చిన లారీవాళ్లను అడిగి అడిగి విసిగిపోయాను.

*

అక్కా,

నా గొట్టానికి నోరున్నది. లైనింగు కొస దాంట్లనే దోపి చుడుతున్న. మీరు దిగిన నాడు మెట్ల మీద దొరికింది, నల్లా పనోళ్లు మర్శిండ్రనుకున్న. మస్తు సిగ్గయితుంది. గీ ఉత్తరంతోనే పంపుతున్న, సొట్ట నేనే తీసిన. కోచింగోళ్లను పొమ్మన్న. ఇప్పుడే వాయించుండ్రి. కత్తెర పక్కన పెట్టి కూసున్న.

మీ తమ్ముడు
ఓదెలు

తా.క.: లైనింగంత కింద పడ్డది. మీకు అక్కరలేని గొట్టం ఇంకొకటి ఉంటే పంపుండ్రి.