పునాదిల పెట్టిన రాయి

గౌడవెల్లి,
12 ఫిబ్రవరి 2012

బిడ్డ స్రవంతికి,

నాయిన దీవెనలు. ఇక్కడ మేమందరం మంచిగున్నం. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలే. బందరు ఉప్పుగాలికి నీ దగ్గు ఎట్లున్నదో రాయి.

నువ్వు పంపిన ఫోటో చూసిన. మీరు తవ్వుతున్న డచ్చోళ్ల గోదాం గోడల, సున్నం నడుమ తెల్లటి పలుకులు ఏందని అడిగినవు. నలభై ఏండ్లు తాపీ పట్టినోన్ని, నాకే తెల్వలే. ఊకుండబుద్ధి కాక బస్సెక్కి కీసరల ముత్తయ్య కాడికి పోయిన. వాళ్ల తాత సున్నం బట్టీ పెట్టినోడు. ఫోటో కండ్ల కాడ పెట్టుకొని నవ్విండు.

"మనకు రాయి దొరికింది, రాయి కాల్చినం. సముద్రం కాడోళ్లకు గవ్వలు దొరికినయి, గవ్వలు కాల్చిండ్రు. అవి సరిగ కాలని పెంకులు" అన్నడు.

మస్తు సంబురమైంది. ఇంకోటి గూడ చూసిన. నడుమెత్తు నుంచి పైకి ఆ పలుకులు లేవు, ఇటుక గూడ సన్నం. పైగోడ తర్వాత కట్టిందే బిడ్డా. తవ్వకం చేపిస్తున్న మీ సారుకు చెప్పు.

పాత గోడ ఎట్ల ఇప్పాల్నో పనోళ్లకు చూపియ్య మీ సారు నన్ను రమ్మన్నడని రాసినవు. గా ముచ్చట చదివినంక నేను చేసిన పాత పనొకటి మనసుల మెదిలింది. ఫోన్ల చెప్పబోయి చెప్పలేకపోయిన. ఇగ రాస్తున్న.

నువ్వు పుట్టకముందు మేడ్చల్ దాపున ఒక చేన్ల ఇంగ్లీషోళ్ల సమాధి ఉండె. ఒక్కటే. రషీద్ భాయ్ ఇంటి పునాదికి రాయి తక్కువైతే, నేనే గడ్డపారతోటి దాన్ని లేపిన. మీద అక్షరాలున్నయి. ఇంగ్లీషు రాదు గద, అక్షరాల మొఖం మట్టిలకు పెట్టి గోడ కట్టిన.

మొన్న రషీద్ భాయ్ కాడికి పోయిన. రోడ్డు వెడల్పుకు ఆ గోడ కూలగొడుతున్నరు. "ఆ రాయి నాకియ్యి భాయ్" అన్న.

"ముప్పై ఏండ్లకు యాదికొచ్చిందా గౌరయ్యా?" అనుకుంటనే తానూ ఓ చెయ్యేసిండు.

రెండు ముక్కలై వచ్చింది. కడిగి, ఆయన బిడ్డ షిరీన్‌తోటి చదివిచ్చిన. అది ఒక ఆడపిల్ల సమాధట. మూడేండ్లేనట. పేరున్న కాడ నా గడ్డపార దెబ్బ. పేరు పోయింది.

మీ అమ్మకు చెప్పిన. "స్రవంతికి ఉత్తరం రాయి, దాచకు" అన్నది.

ఏ వస్తువైనా యాడ దొరికిందో తెల్వకపోతే సగం మూగదైతదని నువ్వంటవు. ఆ చేను ఇప్పుడు ప్లాట్లైంది. సమాధి జాగ తెలిసినోళ్లు ఎవ్వరూ మిగల్లే, తీసినోన్ని నేనొక్కన్నే. నిన్న పోయి, పాత బాయి ఒడ్డు నుంచి అడుగులు కొలిచి, ఆ జాగల కట్టె పాతి వచ్చిన. కాయితం మీద గీసి ఇందుల పెట్టిన.

ఈ ఉత్తరం మీ సారుకు చదివి వినిపియ్యి. విన్నంక గూడ రమ్మంటే వస్త. వద్దంటే నువ్వే ఒకపారి రా. ఆ పిల్ల తలాపు ఏ దిక్కుకుండెనో నిలబడి చూపిస్త, రాసుకో. రాయి తీసిందెవలో రాసే కాడ నా పేరే పెట్టు.

ఇట్లు,
నీ మీద ఆశపెట్టుకున్న నాయిన,
గౌరయ్య