ముందు కన్నం, తర్వాత నీళ్లు

ఫిబ్రవరి 3
ఫెయిల్. ఆరుగురమూ. నా వల్లే.
నేవీ ఓడలోకి నీళ్లు దూరితే ఆపాల్సిన టీమ్ మాది. ఈ పరీక్ష గట్టెక్కితేనే నాలుగు నెలల విదేశీ ప్రయాణం. ట్రైనింగ్ ఇనుప గదిలో లైట్లు తీసేసి నీళ్లు వదిలారు. చెక్క బిరడా పట్టుకుని నేను కన్నం దగ్గరికి పరుగెత్తాలి. పరుగెత్తానా? మూలనున్న బకెట్ అందుకుని తోడటం మొదలుపెట్టాను! తలుపులు మూసిన గదిలో... తోడిన నీళ్లు మళ్లీ అక్కడే పోస్తూ. మూడు తరాల చేపల వేట చేతుల్లో ఉంది మరి. నీళ్లు నడుము దాటాయి. చీఫ్ సార్ విజిల్ ఊదేశారు.
సిగ్గుతో చచ్చాను.

ఫిబ్రవరి 4
చీఫ్ సార్ హిందీలో, మెల్లగా — నీ బదులు ఇంకొకరిని వేయనా? అరిచినా బాగుండేది.
నేను నోరు తెరిచేలోపే సరిత అడ్డొచ్చింది. మా ఆరుగురిలోదే, నా పక్క మంచం, కంచరపాలెం పిల్ల. వద్దు సార్, మళ్లీ ఆరుగురికీ పెట్టండి, అంది. ఒప్పుకున్నారు. పదో తారీఖు. అదే ఆఖరు.
బయటికొచ్చాక నా మీద పడింది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకల్తోగాని పోదంట. నీది పదో తారీకు లోపల పోవాలే, తెలిసిందా?"

ఫిబ్రవరి 6
కలలోకి కూడా బకెట్టే.

ఫిబ్రవరి 8, ఆదివారం
సెలవు అడిగి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. నాన్నకు అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నా.
"నీరొస్తే తోడక ఏటి సేత్తాం? నాను నేర్పిందే గదమ్మా." వల చిక్కు తీస్తూనే మళ్లీ అన్నాడు. "మీ ఓడ కింద సంద్రమంతా ఉంది. తోడితే అయిపోద్దేటి?"
తర్వాత నన్ను పడవలో కూర్చోబెట్టి, బకెట్ తీసి గట్టు మీద పెట్టేశాడు. అడుగున బిరడా ఒకటి వదులు చేశాడట, ఏదో చెప్పడు. "ఎతుకు." నీళ్లు పాదాలు ముంచుతుంటే చేతులు ఊరుకోవే! బిగబట్టుకుని కాలివేళ్లతో తడిమాను. దొరికింది. నాలుగుసార్లు చేయించాడు.
అమ్మ గట్టు మీంచి, హార్బరంతా వినపడేలా — "కూతుర్ని ముంచేత్తన్నాడు, సూడండి!"
చాలా రోజులకు కడుపునిండా నవ్వాను.

ఫిబ్రవరి 10
పాస్!!
చీకటి. నీళ్లు ఛాతీ దాకా. బకెట్ వైపు చూడనైనా లేదు. కన్నం పట్టాను. సరిత బిరడా ఆనించి పట్టుకుంది, నేను సుత్తితో కొడుతున్నాను. మూడో దెబ్బ ఆమె బొటనవేలి మీద పడింది. ఆగిపోయాను. "కొట్టే! ఏటి సూత్తన్నావ్?" వేలు తీయలేదు. బిరడా వదల్లేదు. కొట్టాను. నీళ్లు ఆగాయి. గడువుకింకా నిమిషం ఉంది. లైట్లు వేశారు. చీఫ్ సార్ నవ్వడం మొదటిసారి చూశాను.
తర్వాత సరిత వేలు చూశాను. నల్లగా, రెండింతలై...

ఫిబ్రవరి 11
సరితకి ఎక్స్‌రే రేపు. ఎముక విరిగితే ఓడ ఎక్కనివ్వరు. "ఇరగలేదులే, సూడు, ఆడతంది" అని వేలు ఊపి చూపించింది. ఊపుతుంటే కళ్లలో నీళ్లు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే కాస్త తేలికపడేదాన్ని.
అన్నం కలిపి పెట్టాను. "ఉప్పు తక్కువైంది" అంది. అదేదో వండింది నేనైనట్టు.

ఫిబ్రవరి 12
లిస్ట్ అంటించారు. ఎల్లుండి ప్రయాణం. ఆరు పేర్లూ ఉన్నాయి. నా పేరు చూసుకుని ఎగిరి గంతేస్తాననుకున్నాను ఇన్నాళ్లూ. సరిత పేరు పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం. అక్కడే నిలబడిపోయాను.
పొద్దున ఆసుపత్రికి వెళ్లింది. మధ్యాహ్నం దాటింది, ఇంకా రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు.
సాయంత్రంలోగా బ్యాగులు సర్దుకోమన్నారు. ముందు ఆమెది సర్దుతున్నాను.